ఆవిరైపోయిన ఏడు శాతం

బ్రిటన్‌లో దాదాపు ఇంటింటా గోడకు తగిలించిన తెల్ల డబ్బా ఒకటి ఉంటుంది. వంటగది అల్మరాలోనో, మెట్ల కిందనో ఉంటుంది కాబట్టి పాడైతే తప్ప దాని మొహం ఎవరూ చూడరు. అదే బాయిలర్. గ్యాస్ కాల్చి నీళ్లు కాస్తుంది. పంపు ఆ నీళ్లను గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి తోలుతుంది. వేడి గదికి ఇచ్చేసిన నీళ్లు మళ్లీ డబ్బాకే వస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు, కొద్ది మినహాయింపులు పోను, ‘కండెన్సింగ్’ రకమే అయి ఉండాలని 2005 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. పాత వాటిలో కొన్ని కాల్చిన గ్యాసులో డెబ్బై పాళ్లు కూడా ఇంటికి దక్కించేవి కావు. కొత్తవాటికి ‘ఏ’ గ్రేడు, పక్కనే తొంభైకి పైన అంకె.

నాలుగేళ్లు గడిచాక, 2009లో, ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ అనే సంస్థ నివేదిక ఒకటి బయటికొచ్చింది. మనుషులు కాపురముంటున్న ఇళ్లలోనే మీటర్లు పెట్టి, ఈ కొత్త బాయిలర్లు నిజంగా ఎంత ఇస్తున్నాయో కొలిచారు. కుళాయి తిప్పగానే అప్పటికప్పుడు నీళ్లు కాచి ఇచ్చే కాంబి రకం సగటు 82.5 శాతం దగ్గర తేలింది. వేడినీళ్ల ట్యాంకుతో నడిచే రకం 85 దాటింది. ప్రయోగశాలలో తొంభై దాటిన కాంబి ఇంటికి రాగానే ఏడెనిమిది మార్కులు ఎక్కడో పోగొట్టుకుంది.

గ్యాస్ చవగ్గా ఉన్నన్నాళ్లూ ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. 2021 అక్టోబరులో యూనిట్ (కిలోవాట్-అవర్) గ్యాస్ సుమారు 4 పెన్స్. ఉక్రెయిన్ యుద్ధం మొదలై, ఏడాది తిరిగేసరికి 10.3 పెన్స్. ఒక సాధారణ ఇల్లు ఏడాదికి కాల్చేది 12,000 యూనిట్లనుకుంటే, బాయిలర్ 83 శాతం దగ్గర కాకుండా 90 దగ్గర నడిస్తే మిగిలేవి తొమ్మిది వందల పైచిలుకు యూనిట్లు. అంటే ఆ ధరలో సుమారు 96 పౌండ్లు. అప్పుడు అందరూ ఆ డబ్బా వైపు తలతిప్పారు.

ఆ ఏడు శాతం ఎటు పోయిందో చెప్పే మొదటి జాడ జర్మన్ బాయిలర్ల కరపత్రాల్లో ఉంది. వాటి మీద సామర్థ్యం 107, 108 శాతమని వేసుకునేవారు. వందకు మించిన శాతం ఏమిటని నవ్వుకుని పక్కన పడేస్తే జాడ పోయినట్టే. అది అబద్ధం కాదు, లెక్క కట్టే పద్ధతి వేరు. సహజవాయువు కాలితే బొగ్గుపులుసు వాయువుతో పాటు నీరు పుడుతుంది, ఆవిరి రూపంలో. ఒక ఘనమీటరు గ్యాసుకు దాదాపు ఒకటిన్నర కిలోల నీరు. ఆ ఆవిరిలో దాగిన వేడి ఎలాగూ పొగగొట్టం దారి పడుతుందిలే అని ఐరోపా ఇంజనీర్లు దాన్ని మొదటినుంచీ వందలో కలిపేవారు కాదు. ఆ దాగిన వేడిని తిరిగి రాబట్టే యంత్రం వచ్చేసరికి లెక్క వంద దాటింది. బ్రిటన్ దాన్ని కూడా కలిపే వంద అంటుంది కాబట్టి అక్కడ తొంభైలే కనబడతాయి. ఏ పద్ధతిలో లెక్కేసినా తేలేది ఒకటే: ఈ యంత్రాల గొప్పతనమంతా ఆవిరిలో దాగిన ఆ పది శాతం చిల్లర వేడిలోనే ఉంది. అన్నం వారుస్తూ ఆవిరి చేతికి కొట్టించుకున్నవారికి, ఆవిరి నీరయ్యేటప్పుడు ఎంత వేడి వదులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఆ ఆవిరి ఇళ్లలో నీరవుతోందా లేదా? దీనికి సాక్ష్యం ఇంటి బయట దొరుకుతుంది. కండెన్సింగ్ బాయిలర్‌కు పొగగొట్టం కాక సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఇంకోటి ఉంటుంది, డ్రైనులోకి. నీరైన ఆవిరి పోయే దారి అది. ఆ నీళ్లు కాస్త పుల్లన, ఆమ్ల గుణమున్నవి, అందుకే రాగి గొట్టం కాకుండా ప్లాస్టిక్ వేస్తారు. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో ఇళ్ల బయట ఈ గొట్టాలు గడ్డకట్టి, బాయిలర్లు వాటంతటవి ఆగిపోయి, మెకానిక్కులకు ఊపిరాడలేదు. సరిగా పనిచేస్తున్న బాయిలర్ గంటకు పది యూనిట్ల గ్యాస్ కాలుస్తుంటే, ఈ గొట్టంలోంచి లీటరుకు అటూ ఇటూగా నీళ్లు రావాలి. ఇల్లంతా వెచ్చగా ఉండి, బాయిలర్ గంటసేపటి నుంచీ మోగుతూ, ఆ గొట్టం మాత్రం పొడిగా ఉందంటే, దొంగ లోపలే ఉన్నాడన్నమాట.

చాలామంది ఇక్కడ పొగను చూసి మోసపోతారు. గొట్టం నుంచి తెల్లగా మేఘంలా వస్తుంటే డబ్బంతా గాల్లో కలుస్తోందని గుండె బాదుకుంటారు. నిజానికి ఆ తెల్లదనం పొగ చల్లబడిందనడానికి గుర్తు. వేడిగా, కంటికి కనిపించకుండా పోయే పొగే ఎక్కువ వేడిని ఎత్తుకెళుతుంది.

ఇప్పుడు అసలు అంకె దగ్గరికొద్దాం: 55. సహజవాయువు పొగలోని ఆవిరి నీరు కావడం మొదలయ్యేది సుమారు 55 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర. అంతకంటే వేడిగా ఉన్న దేన్ని తాకినా ఆవిరి ఆవిరిగానే ఉండిపోతుంది. బాయిలర్ లోపల పొగ చిట్టచివర తాకేది రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చిన నీళ్ల గొట్టాన్ని. కాబట్టి బాయిలర్ ఎంత వేడి నీళ్లు పంపుతోందన్నది సగం ప్రశ్నే. ఎంత వేడితో తిరిగొస్తున్నాయన్నది మిగతా సగం, ముఖ్యమైన సగం. తిరుగు నీళ్లు 65 దగ్గరుంటే ‘ఏ’ గ్రేడు బాయిలర్ కూడా పేరుకే కండెన్సింగ్. 55 దగ్గర పని మొదలవుతుంది, 45కు దిగితే పుంజుకుంటుంది, ఇంకా దిగేకొద్దీ ఇంకా మేలు.

ఇళ్లలో తిరుగు నీళ్లు ఎంత వేడితో వస్తున్నాయి? బాయిలర్లలో చాలావాటిని 75, 80 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేసి ఉన్నారు. ఎందుకలా? బిగించేవాళ్లు బాధ్యత లేనివాళ్లు కనుక అనేస్తే చాలా తేలిక. కానీ పాత పుస్తకాల్లో రెండు వింత అంకెలు కనిపిస్తాయి: పంపేది 82 డిగ్రీలు, తిరిగొచ్చేది 71. ఎవరైనా 80, 70 అని పెట్టుకోకుండా ఈ చిల్లర ఎందుకు? ఫారన్‌హీట్‌లోకి మార్చి చూస్తే చిక్కు విడిపోతుంది. 82 అంటే 180, 71 అంటే 160. గుండు అంకెలే. అంటే ఈ సూత్రం ఫారన్‌హీట్ కాలం నాటిది, పోత ఇనుము బాయిలర్ల కాలం నాటిది.

ఆ బాయిలర్లకు ఆవిరి నీరవడం ప్రాణాంతకం. పుల్లటి నీళ్లు పోత ఇనుము మీద పడితే తుప్పు తినేస్తుంది. కాబట్టి తిరుగు నీళ్లు 55కు దరిదాపుల్లోకి రాకుండా, ఎప్పుడూ డెబ్బై దగ్గర ఉంచడమే మంచి పనివాడి లక్షణం. శిష్యుడికి గురువు అదే నేర్పాడు, ఆ శిష్యుడు తన దగ్గర చేరిన కుర్రాడికి అదే నేర్పాడు. 1967 నుంచి పదేళ్లపాటు బ్రిటన్ బొగ్గు గ్యాసు నుంచి ఉత్తర సముద్రపు సహజవాయువుకు మారుతున్న రోజుల్లో ఇళ్లలో సెంట్రల్ హీటింగ్ పుంజుకుంది, ఈ అంకెలూ దానితో పాటే ఇంటింటికీ చేరాయి. చమురు సంక్షోభం తర్వాత నెదర్లాండ్స్‌లో తయారై, 1980లలో ఈ కండెన్సింగ్ రకం వచ్చింది. తుప్పు పట్టని లోహంతో చేసినది, ఆవిరి నీరైతేనే సార్థకమయ్యేది. యంత్రం తల్లకిందులైంది. చేతి అలవాటు మాత్రం మారలేదు. ఏ జాగ్రత్త పాత బాయిలర్‌ను బతికించిందో ఆ జాగ్రత్తే కొత్తదాని విద్యను పనికి రానివ్వకుండా చేసింది. నా దృష్టిలో ఈ కథలో ప్రధాన ముద్దాయి అదే.

అనుమానితుల్లో రేడియేటర్లు కూడా ఉన్నాయి. నీళ్ల వేడి తగ్గిస్తే ఇల్లు వెచ్చబడదేమోనన్న భయం ఊరికే పుట్టలేదు. రేడియేటర్ మీద రాసే సామర్థ్యం 75 పంపి, 65 తిరిగొచ్చి, గది 20 ఉన్నప్పటిది. 60 పంపి 50 తిరిగొస్తే అది 63 శాతమే ఇస్తుంది. సరిపోతుందా? రేడియేటర్ కొలత వేసేది ఏడాదిలో అతి చలి రోజుకు, బయట మైనస్ రెండు ఉందనుకుని. అంటే లోపలికీ బయటికీ తేడా 22 డిగ్రీలు. దక్షిణ ఇంగ్లండ్‌లో మామూలు జనవరి రోజు ఆరు డిగ్రీల దగ్గర ఉంటుంది, తేడా 14. అంటే అవసరం మూడింట రెండొంతులకన్నా తక్కువే. దానికి తోడు, ఆ రేడియేటర్లు బిగించిన నాటికి ఆ ఇంటికి ఒంటి అద్దం కిటికీలు, అటక మీద ఏ దుప్పటీ లేదు. ఆ తర్వాత జంట అద్దాలు వచ్చాయి, అటక మీద ఉన్ని పరిచారు. రేడియేటర్లు మాత్రం పాతవే, అంటే ఇప్పటి అవసరానికి పెద్దవే. వీటిని నిర్దోషులుగా వదిలేయొచ్చు.

స్నానం మీద మాత్రం కొంత నేరం నిలుస్తుంది. నిమిషానికి పది లీటర్ల నీళ్లను 35 డిగ్రీలు పెంచాలంటే 24 కిలోవాట్ల మంట కావాలి. అందుకే కాంబి బాయిలర్ 24 నుంచి 30 కిలోవాట్లది కొంటారు. అదే బాయిలర్‌కు చలికాలంలో వరస ఇళ్లలోని ఒక ఇంటిని వెచ్చగా ఉంచడానికి ఆరేడు కిలోవాట్లు చాలు, ఎండపొడ ఉన్న రోజున మూడు చాలు. మంట అంత సన్నగా తగ్గలేని పాత బాయిలర్ భగ్గున మండుతుంది, రెండు మూడు నిమిషాల్లో నీళ్లు కాగిపోయి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ భగ్గుమంటుంది. అంటుకునే ప్రతిసారీ ముందు ఫ్యాను లోపలి వెచ్చటి గాలిని బయటికి ఊదేస్తుంది. వంటగదిలో కూర్చుని చెవి పెట్టి వింటే ఈ ఆగడం, అంటుకోవడం తెలిసిపోతుంది. దీనికి మందు బాయిలర్ లోపలి మెనూలో ఉంటుంది: హీటింగ్‌కు వాడే గరిష్ఠ మంటను తగ్గించడం. అది ఏటా సర్వీసుకు వచ్చే గ్యాస్ సేఫ్ లైసెన్సున్న మెకానిక్ చేయాల్సిన పని. అడిగితే చేస్తారు. అడగకపోతే చాలామంది చేయరు.

ఇక రేడియేటర్ వాల్వులు. పక్కన తెల్లటి తలకాయతో, 1 నుంచి 5 వరకు అంకెలతో ఉండేది థర్మోస్టాటిక్ వాల్వు, క్లుప్తంగా టీఆర్‌వీ. డెన్మార్క్‌కు చెందిన డాన్‌ఫాస్ వ్యవస్థాపకుడు మాడ్స్ క్లాసన్ 1943లో కనిపెట్టినది ఇది. తల లోపల మైనమో, ద్రవమో ఉన్న చిన్న గుళిక ఉంటుంది. గది వెచ్చబడితే అది ఉబ్బి, ఒక సన్నటి పిన్నును కిందికి నొక్కి, నీటిదారి మూస్తుంది. కరెంటు అక్కర్లేదు. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, మంచుపువ్వు గుర్తు అంటే గొట్టం గడ్డకట్టకుండా ఉండేంత వెచ్చదనం. బ్రిటన్‌లోని మనవాళ్ల ఇళ్లలో దీని మీద ఉన్న పెద్ద అపోహ, 5 మీద పెడితే గది తొందరగా వెచ్చబడుతుందని. 3 మీద పెట్టినా 5 మీద పెట్టినా చలిగదిలో వాల్వు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. అంకె చెప్పేది ఎక్కడ ఆగాలో మాత్రమే. 5 పెట్టి మరిచిపోతే గది పాతిక దాటుతుంది, ఆ తర్వాత కిటికీ తెరుస్తారు.

ఎవరూ పడుకోని గదిలో 2కు తగ్గించి తలుపు వేస్తే గ్యాస్ మిగులుతుంది, అందులో సందేహం లేదు. పూర్తిగా కట్టేస్తే మాత్రం పక్కగదిలోంచి వచ్చే తేమ ఆ చల్లటి గోడ మీద పేరుకుని నల్లటి బూజు పడుతుంది. రేడియేటర్ల మీద తడిబట్టలు ఆరేసే ఇళ్లలో ఇది మరీ వేగంగా జరుగుతుంది. వేసవంతా మూసి ఉంచిన వాల్వులో పిన్ను కిందే బిగుసుకుపోయి, నవంబరులో రేడియేటర్ చల్లగానే ఉండటం ఇంకో ముచ్చట. తలకాయ తీసి పిన్నును మెల్లగా నొక్కి వదిలితే చాలాసార్లు లేస్తుంది.

అయితే ఈ వాల్వులకు మన ఏడు శాతంతో ఏం సంబంధం? ఇక్కడే చిక్కు ఇంకో ముడి పడుతుంది. వాల్వులు ఒక్కొక్కటీ మూసుకుంటుంటే పంపుకు దారి కరువవుతుంది. అందుకని పంపే గొట్టానికీ తిరుగు గొట్టానికీ మధ్య బైపాస్ వాల్వు పెడతారు. ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని, వేడినీళ్లు ఏ రేడియేటర్‌నూ చూడకుండా అటునుంచి అటే బాయిలర్‌కు వచ్చేస్తాయి. 75తో వెళ్లినవి 75కు దగ్గరగా తిరిగొస్తాయి. ఆవిరి నీరవడానికి చోటు లేకుండా పోతుంది. బైపాస్ లేకపోయినా, ఆరు రేడియేటర్లలో నాలుగు కట్టేసి రెండింటితో ఇల్లంతా కాద్దామంటే తిరుగు నీళ్ల వేడి పెరుగుతుంది. పొదుపు కోసమే వాల్వు తిప్పి, ఇంకోచోట గండి కొట్టుకోవడం ఇది. నీళ్ల వేడి తగ్గించిన ఇంట్లో ఎక్కువ రేడియేటర్లు మధ్యస్థంగా తెరిచి ఉండటమే మేలు. గది థర్మోస్టాట్ ఉన్న చోట వాల్వును పూర్తిగా తెరిచే ఉంచాలి, లేదంటే ఆ గది ఎప్పటికీ వెచ్చబడక, థర్మోస్టాట్ బాయిలర్‌ను ఆగనివ్వదు.

రేడియేటర్ రెండో చివర టోపీ పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా ఇంకో వాల్వు ఉంటుంది. దాని పేరు లాక్‌షీల్డ్. టోపీ లాగితే కింద చదరంగా ఇత్తడి మొన కనిపిస్తుంది, చిన్న స్పానరుతో తిప్పేది. బాయిలర్‌కు దగ్గరగా ఉన్న రేడియేటర్ నీళ్లన్నీ తానే లాక్కుని సగం వేడి వాడకుండానే వెనక్కి పంపిస్తుంది, దూరపు పడకగది చల్లగా పడి ఉంటుంది. అప్పుడు ఇంటివాళ్లు చేసేది బాయిలర్ వేడి పెంచడం! దగ్గరి లాక్‌షీల్డ్‌ను పావు మలుపు చొప్పున బిగిస్తూ పోతే దూరానికి నీళ్లు అందుతాయి. పాత పుస్తకం రేడియేటర్‌కు వచ్చే, పోయే నీళ్ల మధ్య 11 డిగ్రీల తేడా చాలంటుంది, అదే 82, 71 జోడీ. కండెన్సింగ్ బాయిలర్ మాత్రం 20 డిగ్రీల తేడాను కోరుతుంది. నీళ్లు నింపాదిగా నడిచి, వేడంతా గదిలో దించుకుని రావాలి. దీన్నే బ్యాలెన్సింగ్ అంటారు. ఓపిక కావలసిన పని, డబ్బు అక్కర్లేనిది.

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఖమ్మం నుంచి వచ్చిన ఒక జంట అద్దె ఇంట్లో ఈ డబ్బాను దగ్గర నుంచి చూశాను. మూత కింద రెండు నాబ్‌లు. ఒకదాని పక్కన కుళాయి బొమ్మ, ఇంకోదాని పక్కన రేడియేటర్ బొమ్మ. రెండూ కుడివైపుకు చివరంటా తిరిగి ఉన్నాయి.

“ఓనరు ఆ డబ్బా ముట్టుకోవద్దన్నాడు అన్నయ్యా,” అంది ఆమె.

“కవరు విప్పొద్దమ్మా, అది లైసెన్సు ఉన్నవాళ్ల పని. ఈ నాబ్‌లు వాడుకునేవాళ్ల కోసమే బయట పెట్టారు.”

“తిప్పితే స్నానానికి నీళ్లు చల్లబడవా? పిల్లాడున్నాడు.”

“అది కుళాయి బొమ్మది. మనం తిప్పేది ఈ రేడియేటర్ది.”

రెండు నాబ్‌లు వేరని తెలియకపోవడం వల్లే ఎన్ని ఇళ్లలో ఇది చివరంటా తిరిగి ఉండిపోయిందో! పైగా దాని చుట్టూ డిగ్రీలు రాసి ఉండవు, చిన్న చుక్క నుంచి పెద్ద చుక్క దాకా ఒక గీత, అంతే. ఎంత పెట్టారో తెలియాలంటే పంపే రాగి గొట్టానికి పది పౌండ్ల లోపు దొరికే క్లిప్పు థర్మామీటరు తగిలించి చూడాలి.

2022 శరదృతువులో నెస్టా అనే సంస్థ కాంబి బాయిలర్లున్న ఇళ్లవాళ్లు రేడియేటర్ నాబ్‌ను 60కి తిప్పాలంటూ ప్రచారం నడిపింది. డిసెంబరులో ప్రభుత్వమే ‘ఇట్ ఆల్ యాడ్స్ అప్’ పేరుతో అదే మాట చెప్పింది. అంతకుముందే, 2022 జూన్ 15 నుంచి, ఇంగ్లండ్‌లో కొత్తగా వేసే లేదా పూర్తిగా మార్చే నీటి హీటింగ్ వ్యవస్థలను గరిష్ఠంగా 55 డిగ్రీలకే రూపొందించాలని నిబంధన అమల్లోకి వచ్చింది. 82కు తెరపడింది, కొత్త ఇళ్ల వరకైతే. పాత ఇళ్లలో ఆ నాబ్ బిగించినవాడు ఎక్కడ వదిలితే అక్కడే ఉంది.

కాంబి ఉన్నవారు 60తో మొదలుపెట్టవచ్చు. ఎప్పుడో ఒకసారి వచ్చే గడ్డు చలికి ఇల్లు 20 అందుకోలేకపోతే ఐదేసి డిగ్రీలు పెంచుకోవాలి, చలి తగ్గగానే దించుకోవాలి. బాగా బిగువైన ఇల్లయితే 50తోనే సరిపోతుంది. వెచ్చబడటానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఉదయం టైమరును అరగంట ముందుకు జరపాలి. రేడియేటర్ మీద చెయ్యి పెడితే కాలకుండా గోరువెచ్చగా ఉందని కంగారుపడి మళ్లీ పెంచేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది గదిలోని థర్మామీటరును, రేడియేటర్‌ను కాదు. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లలో మాత్రం ఈ తిప్పుడు పనికిరాదు. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీల దగ్గర లేకపోతే లెజియోనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, అంత వేడెక్కాలంటే బాయిలర్ ఇంకాస్త పైన ఉండాలి. అలాంటి ఇంట్లో హీటింగ్‌కూ ట్యాంకుకూ వేర్వేరు వేడి పెట్టే ఏర్పాటు ఉందేమో ముందు మెకానిక్‌ను అడిగి, లేదంటే నాబ్‌ను ఉన్నచోటే ఉంచి, లాక్‌షీల్డ్‌ల పని పట్టాలి.